గద్ద తోక ఆడిస్తుంది

మా క్వార్టర్స్ వెనక గోడకు ఆవల సబ్‌స్టేషన్ ఉంది. శ్రీశైలం వైపు నుంచి వచ్చే కరెంటు తీగలు ముందు ఇక్కడికి చేరి, ఇక్కడి నుంచి ఊళ్లకు చీలిపోతాయి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు రాత్రీ పగలూ ఒకటే మూలుగు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ మూలుగుకు నాకు నిద్ర పట్టేది కాదు. పాప పుట్టాక, అది కాస్త సన్నబడినా మెలకువ వచ్చేస్తోంది. లేచి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని మళ్లీ పడుకుంటాను. నాది అలాంటి ప్రాణం. ఏది జరగకముందే దానికి ఏడ్చి పెట్టుకుంటానని మా ఆయన అంటారు. ఆయనకు లైన్ల మరమ్మతు పని. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండరు.

సబ్‌స్టేషన్ గేటు దగ్గర కాపలా మా అత్తది. మామ పోయాక ఆయన చేసిన పనే ఆమెకు ఇచ్చారు, కాంట్రాక్టు మీద. చీర మీద ఖాకీ చొక్కా, తలకు తుండు, కాళ్లకు మగవాళ్ల బూట్లు. ఆదోని అవతల పడమటి పల్లె ఆమెది. ఐదో తరగతితో బడి మాన్పించి జొన్న చేలో మంచె ఎక్కించారట. కంకులు పాలు పోసుకునే రోజుల్లో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పిట్టలు తోలడమే పని. చేతిలో వడిసెల. తాడుతో అల్లిన చిన్న జోలెలో రాయి పెట్టి, తల చుట్టూ గిర్రున తిప్పి, ఒక కొస వదిలేస్తే రాయి చేను దాటి పడుతుంది. ఆ పని మానేసి నలభై ఏళ్లయినా ఆమె ఇంట్లోంచి బయటికి వస్తే ముందు చూసేది ఆకాశాన్నే. తర్వాతే నేలను చూస్తుంది. అందుకే వాకిట్లో పాప బొమ్మలు తొక్కుతూ ఉంటుంది.

మాఘమాసంలో ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఏమ్మే, మమ్మల్ని మళ్లా బడికి తోలుతాండారు."

"ఏం బడి అత్తా?"

"డ్రోన్ల బడి. పైన ఏం ఎగురుతాందో చూసేది నేర్పిస్తారంట. నేను పావడా కట్టుకున్నప్పటి నుంచి చేస్తాండే పనే గదా అది!" అని నవ్వింది. తర్వాత వంగి బూటు లేసు విప్పుతూ, తల ఎత్తకుండానే మిగతాది చెప్పింది. "పక్షం దినాలంట. ఆకర్న పరీక్ష ఉండాది. పాసైనోళ్లు ఈడనే. కానోళ్లను కడప గోడౌనుకు పంపుతారంట."

పాప చేతిలో ఉన్న గిన్నె తీసుకోబోతున్న నేను అలాగే ఆగిపోయాను. కడప అంటే మాకు సగం రోజు ప్రయాణం. అక్కడ ఉద్యోగమంటే అక్కడే గది తీసుకుని ఉండాలి. జూన్‌లో ఆత్మకూరులో ఒక బడిలో లెక్కల టీచరుగా చేరమని నాకు మాట ఇచ్చి ఉన్నారు. డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం. పాపను అత్త చూసుకుంటుందనే ధైర్యంతోనే ఒప్పుకున్నాను. ఆరోజు నా భయంలో సగం నా కోసమే. దాచుకోవడమెందుకు?

శిక్షణ ఇచ్చే సార్ ఒంటిమిట్ట దగ్గరి మనిషి. సైన్యంలో చేసి వచ్చాడు. గోడల మూలల్లో పెట్టెలు బిగించారు. డ్రోన్‌కూ దాన్ని నడిపే రిమోట్‌కూ మధ్య సాగే సంకేతాలను పసిగడితే అవి కూస్తాయి. మొదటి రోజు ఆ పెట్టెను చూపించి సార్ ఏమన్నాడో అత్త సాయంత్రం నాకు అప్పజెప్పింది. "ఏదో వచ్చిందని చెప్పేదే పెట్టె పని. అదేందో, యాడ నుంచి వచ్చిందో, ఏం మోస్తాందో చెప్పాల్సింది మీ కండ్లు, చెవులు. పెట్టెను నమ్మి కునుకు తీసినారంటే పెట్టెకే జీతమిస్తా."

ఆమె తెచ్చిన కాగితాలు రోజూ నేను చదివి వినిపించేదాన్ని. వాకిట్లో నీళ్లపొయ్యి మండుతుంటే, పాపను ఒళ్లో పెట్టుకుని ఆమె వినేది. కొన్ని ఆమెకు ఒక పట్టాన ఎక్కేవి కాదు. గడియారంలో అంకెల లెక్కన దిక్కు చెప్పాలన్నది వాటిలో ఒకటి. ఎదురుగా ఉంటే పన్నెండు గంటల దిక్కు, కుడిచేతి వైపు ఉంటే మూడు గంటల దిక్కు.

"నేను ఇట్ల తిరిగితే?"

"అప్పుడు నీ ఎదురుగా ఉన్నదే పన్నెండు అత్తా."

"అంటే నేను తిరిగితే గడియారమూ తిరుగుతాదా? నీ సదువు సల్లగుండ! మూడో టవరు దిక్కు అంటే నేను యాడికి తిరిగినా అది మూడో టవరే గదా!"

నేను కాగితం తిప్పి తర్వాతి ప్రశ్నకు పోయాను.

కానీ కొన్ని విషయాల్లో కాగితాలే ఆమె వెనక నడిచాయి. ఒకరోజు కళ్లు మూసుకుని, "ఏదన్నా ఆడించుమ్మే, చెప్తా" అంది. నేను మిక్సీ వేశాను, ఫ్యాను పెంచాను, ఫోన్లో డ్రోన్ శబ్దం పెట్టి పక్క గదిలోకి తీసుకెళ్లాను. అన్నీ చెప్పేసింది. రోడ్డు మీద పోతున్న బైకు మా వీధిదా, పరాయిదా అన్నది కూడా చెప్పింది. మరో రోజు డాబా మీద నిలబడి దూరంగా గాలిలో కదలకుండా ఉన్న ఒక చుక్కను చూపించాను. డ్రోనే అనుకుని పాపను అప్పటికే చంకనెత్తుకున్నాను.

"గద్ద," అంది తేలిగ్గా.

"ఎలా చెప్తావు? కదలడం లేదు కదా!"

"తోక చూడు. గద్ద గాలిలో నిలబడాలంటే తోక ఆడిస్తానే ఉండాల. డ్రోనుకు తోకేదీ? అది మేకు కొట్టినట్ల నిలబడతాది."

చాలాసేపు చూశాక నాకు కనబడింది. చుక్క వెనక చిన్న కదలిక, ఇటూ అటూ. పాప కూడా మెడ వెనక్కి వాల్చి పైకి చూసింది. అప్పటి నుంచి అది ముగ్గురికీ ఆట అయింది.

ఆరో రోజు సాయంత్రం గోడ అవతల ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు వినిపించాయి. అత్తే ఏదో బాగా చేసి ఉంటుందని నాకెందుకో అనిపించింది. టీ పెట్టి ఉంచాను. ఆమె వచ్చేసరికి బూట్ల మీద తెల్లటి పొడి ఉంది. టీ ముట్టుకోలేదు.

జరిగింది ఇది. అందరికీ పరీక్షగా సార్ తన డ్రోన్‌నే చెప్పకుండా ఎగరేశాడు. కాపలా బురుజు పక్కన, తక్కువ ఎత్తులో అది ఆగింది. మగవాళ్లు అటూ ఇటూ పరిగెత్తుతున్నారు. మా అత్త తలకున్న తుండు లాగి, మడిచి, కింద పరిచిన కంకర నుంచి ఒక రాయి తీసి అందులో పెట్టి, రెండు చుట్లు తిప్పి వదిలింది. నలభై ఏళ్ల తర్వాత. మొదటి రాయికే డ్రోన్ రెక్క విరిగి పడిపోయింది. అందరూ ఈలలు వేశారు. ఒకతను ఆమెకు సెల్యూట్ కొట్టాడట.

సార్ మాత్రం ఈల వేయలేదు. అందరినీ డ్రోన్ పడిన చోటికి తీసుకెళ్లాడు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు పది అడుగుల దూరంలో పడి ఉంది. దాని కింద ఒక పొట్లం కట్టి ఉంచాడు. అది పగిలి కంకరంతా తెల్లగా అయింది.

"ఏమ్మా, ఇదేంది?"

"పిండి సార్."

"పిండి కాకపోయింటే?"

ఆమె ఈ మాట చెప్పగానే నేను గోడ వైపు చూశాను. పాప ఉయ్యాల నుంచి ఆ కంచెకు రెండు వందల అడుగులు ఉంటాయేమో.

"సున్నా ఏసినాడుమ్మే. ఆయన తప్పేం లేదు." బూటు మీది పిండిని వేలితో రాసి చూసుకుంది. "మంచె మీద పిట్టను కొడితే పంట మిగిలేది. ఈడ కొడితే పంటే పోతాది. అది నాకు తెల్దా? తెలుసు. చెయ్యికి తెల్దు."

ఆరోజు మొదటిసారి నా ఉద్యోగం సంగతి నా తలలోకి రాలేదు. సున్నా వచ్చినందుకు కుంగిపోవచ్చు. కోపంతో సార్‌ను తిట్టుకోవచ్చు. మా చదువుకున్నవాళ్లలో చాలామంది చేసేది అదే. తెల్లారి ఆమె తుండును తల నుంచి తీసి, నడుముకు రెండు చుట్లు బిగించి, మొండి ముడి వేసుకుని డ్యూటీకి పోయింది. ఇంత ఎండలో తలకు ఏమీ లేకుండా ఎలాగని అడిగితే, "టోపీ ఇచ్చినారు లేమ్మే. ఇన్నాళ్లూ సోకు కోసం పెట్టుకోలేదు" అంది.

ఆ వారమంతా ఇంట్లో నేనే డ్రోన్‌ను. తల మీద చేట పెట్టుకుని, దానికి పాప పాలసీసా వేలాడదీసి, వాకిట్లో చెప్పకుండా వచ్చేదాన్ని. పాప కిలకిలా నవ్వేది. అత్త చేతులు వెనక్కి కట్టుకునేది. పొయ్యి ముందు ఉన్నా, బట్టలు ఉతుకుతున్నా, నన్ను చూడగానే చేతులు ముందు వెనక్కి పోవాలి. తర్వాత నోరు తెరవాలి. ఎప్పుడు వచ్చింది, ఎటునుంచి వచ్చింది, ఎంత ఎత్తు, ఏం వేలాడుతోంది, ఎటు పోయింది. ఇవి కంట్రోల్ రూంకు చెప్పాలి. బయట ఉన్నవాళ్లను లోపలికి పంపాలి. కింద పడితే దగ్గరికి పోకూడదు, ఎవరినీ పోనివ్వకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నడిపేవాడు ఎక్కడున్నాడో వెతకాలి.

"ఇది మాత్రం మాయమ్మ చెప్పిందే," అంది ఒకసారి. "పిట్టలు చేను మీద వాలినంక అరిస్తే ఏం ఫలం? గుంపు ఏ చెట్టు మీద నుంచి లేస్తాందో ఆడ చూడాల అనేది."

ఎత్తు దగ్గర చిక్కు వచ్చింది. మీటర్లలో చెప్పమన్నారు. ఆమెకు మీటరు అంటే గుడ్డల కొట్లో కొలిచేదే. రెండు రోజులు తంటాలు పడి, మూడో రోజు నేరుగా సార్‌కే చెప్పిందట. "సార్, మీటర్లు నాకు రావు. ఆ టవర్లకు అడ్డపట్టీలు ఎన్ని ఉండాయో తెలుసు. మా ఇంటాయన ఈడ కాపలా ఉన్నప్పుడు, పని లేక కూకోని లెక్కబెట్టుకుంటాంటి. ఏడో పట్టీ కాడ ఉండాది అంటే సరిపోదా?" సార్ టవరు కొలతలు తెప్పించి చూశాడు. ఒక్కో పట్టీ మధ్య ఎంత దూరమో లెక్క కుదిరింది. అప్పటి నుంచి కాపలావాళ్లందరినీ పట్టీల లెక్కే చెప్పమన్నాడు. చీకటి పడ్డాక మాత్రం పనికిరాదన్నాడు. "చీకట్లో మీ మీటర్లు కనబడతాయా సార్?" అని ఆమె అడిగితే ఆయన కూడా నవ్వాడట. ఇది చెప్పేటప్పుడు ఆమె మొహంలో మళ్లీ ఆ పాత వెలుగు చూశాను.

పరీక్షకు ముందు రోజు. పొద్దున పదకొండు గంటలు. నేను డాబా మీద పాప బట్టలు ఆరేస్తున్నాను. మా డాబా నుంచి గేటు, గేటు ముందు రోడ్డు, రోడ్డుకు అవతల మిరప చేలు కనబడతాయి. గేటు కూతవేటు దూరం. ముందు శబ్దం వచ్చింది. తేనెటీగల గుంపు లాంటిది, కానీ బరువైనది. మా అత్త చెవులు నాకు లేకపోయినా అది ఫోన్లో వినిపించిన శబ్దం కాదని తెలిసింది. చూస్తే, పెద్ద మంచం అంత డ్రోన్ చేల మీద నుంచి అడ్డంగా రోడ్డు దాటి, మా గోడ దాటి, ట్రాన్స్‌ఫార్మర్లున్న స్విచ్‌యార్డ్ వైపు తేలిపోతోంది. గోడ మీది పెట్టె కూయడం మొదలుపెట్టింది.

నేనేం చేశాను? పాపను ఎత్తుకుని కిందికి దిగాలి. నేర్చుకున్నదీ, నేర్పించిందీ అదే. కాళ్లు కదలలేదు. పాపను గుండెకు అదుముకుని, పిట్టగోడ పట్టుకుని, అలాగే నిలబడిపోయాను. అందుకే మిగతాదంతా నాకు కనబడింది.

అత్త గేటు దగ్గర ఉంది. చేతులు ముందు వెనక్కి పోయాయి. తర్వాతే ఒక చెయ్యి వాకీటాకీ కోసం ముందుకు వచ్చింది. ఆమెది మొదటి నుంచీ పెద్ద గొంతు. మంచె మీద పెరిగిన గొంతు.

"మెయిన్ గేటు నుంచి చెప్తాండా. డ్రోను ఒకటి. పెద్దది. మూడో టవరు దిక్కు, ఐదో పట్టీ ఎత్తు. కింద డబ్బా వేలాడతాండాది. మిరప చేల నుంచి వచ్చింది. యార్డు దిక్కు పోతాండాది, మెల్లగా."

పక్కనున్న గార్డు కంకర నుంచి రాయి తీశాడు. ఆరో రోజు ఆమెకు సెల్యూట్ కొట్టినవాడే. ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"రాయి కింద పెట్టప్పా."

"అక్కా, నువ్వే కొట్టొచ్చు గదా, ఒక్క దెబ్బకు..." అని అరిచాడతను.

"సున్నా నాకు ఒకటి చాలు. పెట్టు. పోయి క్వార్టర్సోళ్లను లోపలికి తోలుపో!"

అప్పటికి వీధిలోకి జనం వచ్చి పైకి చూస్తూ ఫోన్లు ఎత్తారు. రోడ్డు మీద ఆటో ఆపి డ్రైవరు పైకి చూస్తున్నాడు. చేలో మిరపకాయలు కోసే ఆడవాళ్లంతా నడుములెత్తి పైకే చూస్తున్నారు. మా అత్త ఒక్కతే పైకి చూడటం లేదు. డ్రోన్‌కు వీపు పెట్టి, గేటులోంచి చేల వైపు చూస్తోంది, ఒక మనిషి తర్వాత ఒక మనిషిని. నేనూ అటే చూశాను. నాకు అందరూ ఒకేలా కనిపించారు.

"దొరికింది," అంది వాకీటాకీలో. "ఎదురు చేను, నీళ్ల తొట్టి పక్కన. నీలం చీర. అందరూ పైకి చూస్తాంటే ఆ యమ్మ చేతిలోకి చూసుకుంటాండాది."

నిజమే. తొట్టి పక్కన నా వయసు అమ్మాయి ఒకతె వంగి, రెండు చేతుల్లో ఉన్న దాన్ని గబగబా నొక్కుతోంది. పంటకు మందు కొట్టే డ్రోన్ అది. వేలాడేది మందు డబ్బా.

గేటు వదిలి పోకూడదు. అత్త వదల్లేదు. అక్కడి నుంచే అరిచింది.

"ఓ నీలం చీర! ఏడవొద్దు! నిన్నెవరూ కొట్టరు. ముందు దాన్ని యెనక్కు తిప్పుకో!"

"మాట వినటం ల్యా అక్కా! గాలికి పోతాంది!" అని అవతలి నుంచి ఏడుపు కేక.

సార్ అప్పుడే జీపులో వచ్చి ఆ అమ్మాయి దగ్గరికి పరిగెత్తాడు. ఆమె చేతుల్లోంచి లాక్కోలేదు. పక్కన నిలబడి చెబుతున్నాడు. యార్డు కంచె దాకా వచ్చిన డ్రోన్ ఒక్కసారి ఊగింది, ఆగింది, నెమ్మదిగా తిరిగి, వచ్చిన దారినే మా గోడ, రోడ్డు దాటి ఖాళీ దుక్కిలో దిగింది. ట్రాన్స్‌ఫార్మర్ల మూలుగు ఎప్పటిలాగే సాగుతోంది. అప్పుడు గానీ నేను పిట్టగోడ వదల్లేదు. పాప హాయిగా నా గొలుసు నములుతోంది.

పోలీసులు వచ్చారు, రాసుకున్నారు. ఆ అమ్మాయి డ్రోన్ నేర్చుకుని నెల కూడా కాలేదట. గాలి ఎక్కువని తెలిసీ ఇంకొక్క సాలే కదా అని ఎగరేసింది. గట్టిగా చెప్పి పంపారు. అంతదాకా మా అత్త ఆమెను గేటు పక్క నీడలో కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్లు ఇచ్చింది.

"నీకు పని కొత్త. నాకూ కొత్తే. వారం కిందట నేనూ ఇట్లనే ఒకటి చేసినా," అందట ఆమెతో. ఏం చేసిందో మాత్రం చెప్పలేదట.

ఇంత జరిగింది కదా, ఇక పరీక్ష ఎందుకని నేను అనుకున్నాను. సార్ అలా అనుకోలేదు. మర్నాడు అందరితో పాటు ఆమెకూ పెట్టాడు. గడియారం దిక్కుల ప్రశ్నకు ఆమె మూడో టవరు అనే రాసింది. మార్కులు పోయాయి. రాయడం నిదానం కాబట్టి చివరి ప్రశ్న మిగిలిపోయింది. ఆరో రోజు సున్నా అలాగే ఉంది. అన్నీ కలిపితే గట్టు అంచున నిలబడినట్టు పాసయింది. కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, "సదువు" అంది. మెయిన్ గేటు, పగటి డ్యూటీ ఒక వారం, రాత్రి డ్యూటీ ఒక వారం అని ఉంది. నేను రెండుసార్లు చదివాను. ఆమె మూడోసారి చదివించుకుంది. నడుముకు ఉన్న తుండు ముడి విప్పడానికి అప్పుడు కూర్చుంది. అది బిగుసుకుపోయింది. ఇద్దరం కలిసి పళ్లతో లాగితే వచ్చింది.

నేను ధైర్యం అంటే భయం లేకపోవడం అనుకునేదాన్ని. వచ్చిన విద్యను, అందులోనూ నలుగురూ ఈల వేసి మెచ్చుకున్న విద్యను, వాడాల్సిన చోట కాదని తెలిసి చేతుల్లోనే ఆపుకోవడం నేను ఎవరిలోనూ చూడలేదు. ఆమె రెండో డ్రోన్‌ను కూడా ఒక్క రాయితో కొట్టేయగలదు. నాకు తెలుసు, ఆమెకు తెలుసు, ఆ గార్డుకు తెలుసు.

జూన్‌లో బడిలో చేరాను. అత్తకు పగటి డ్యూటీ ఉన్న వారాల్లో పాపను పక్క క్వార్టర్ ఆవిడ చూసుకునేటట్టు మాట్లాడుకున్నాం. మొదటి రోజు సాయంత్రం బస్సు దిగి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాను. దారి పొడవునా పాప పడిందనీ, ఏదో మింగిందనీ, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిందనీ ఊహించుకుంటూనే వచ్చాను. వాకిట్లో నులక మంచం మీద అత్త కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. అది ఆమెకు రాత్రి డ్యూటీ వారం. నిద్ర చాలక కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒళ్లో పాప. నన్ను చూసి పాప చేతులు చాచలేదు. మెడ వెనక్కి వాల్చి, సబ్‌స్టేషన్ మీద గాలిలో నిలబడి ఉన్న చుక్క వైపు వేలు చూపించింది.

"తోక," అంది.

నేను సంచీ భుజాన ఉండగానే నిలబడి చూశాను. ఆడుతోంది.